గంజాయి, టెలివిజను, ప్రజాభిప్రాయం

అభిప్రాయాలు ఎట్లా మారతాయి? సాహిత్యం చదువుకునేవాళ్ళకూ, చరిత్ర చదువుకునేవాళ్ళకూ ఇంతకు మించిన ముఖ్యమైన ప్రశ్న లేదనుకుంటాను. వితంతు వివాహం పాపమని నమ్మిన సంఘం కొన్ని తరాలు గడిచేసరికి అది సహజమేనని ఎట్లా అనుకోగలిగింది? వీరేశలింగంగారి ఉపన్యాసాల వల్లనా? లేక ఆ ఉపన్యాసాలకు చెవి ఒగ్గగలిగిన ఒక మధ్యతరగతి అప్పటికే పుట్టి ఉండడం వల్లనా? రెండూ కలిసే ఆ పని చేశాయని చెప్పి ఊరుకోవడం తేలిక. కాని వాటిలో ఏది ముందో, ఏది వెనుకో, ఏది ఎంతో తేల్చనిదే దాన్ని చరిత్ర అనలేము.

వీరేశలింగంగారి కాలంలో అభిప్రాయాలను లెక్కబెట్టి రాసిపెట్టినవారు లేరు గనుక ఆ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పలేము. అటువంటి లెక్కలు దొరికే ఉదాహరణ ఒకటి అమెరికాలో ఉన్నది. అది గంజాయిని గురించిన ప్రజాభిప్రాయం. గంజాయిని చట్టబద్ధం చేయవచ్చునా అని గాలప్ సంస్థ 1969లో అడిగితే నూటికి 12 మంది మాత్రమే చేయవచ్చునన్నారు. అదే ప్రశ్నకు 2023లో నూటికి 70 మంది ఔనన్నారు. అర్ధశతాబ్దంలో ఒక దేశం తన మనస్సును దాదాపు తలకిందులుగా మార్చుకున్నదన్నమాట. ఈ అర్ధశతాబ్దమూ టెలివిజను యుగమే. అందువల్ల చాలామంది పాత్రికేయులు ఒక సులభమైన సమాధానం చెబుతారు: టెలివిజనులో చర్చ జరిగింది, ఉభయ పక్షాల వాదాలూ ప్రజలు విన్నారు, విని అభిప్రాయం మార్చుకున్నారు అని. ప్రజాస్వామ్యమంటే ఇదేనని కూడా అంటారు.

ఈ సమాధానాన్ని నేను ఒప్పుకోలేకపోతున్నాను. తేదీలు దగ్గర పెట్టుకుని చూస్తే ప్రతి మలుపులోనూ అభిప్రాయమే ముందు నడిచింది, టెలివిజను దాని వెనుక వచ్చింది. ఐతే టెలివిజను ఏ పనీ చేయలేదని నా వాదం కాదు. ఎవరి కష్టాన్ని కష్టంగా లెక్కించాలో, ఎవరి కష్టాన్ని లెక్కలోకి తీసుకోకూడదో నిర్ణయించే పని అది చేసింది. ఈ రెండో సంగతి మనకు మరింత ముఖ్యం.

మొదట, మారిన అభిప్రాయం అసలు ఎట్లా పుట్టిందో చూడాలి. గంజాయి చెడ్డదనే నమ్మకం అమెరికను ప్రజలకు అనాదిగా ఉన్నది కాదు. 19వ శతాబ్దంలో గంజాయి సారం అక్కడి మందుల దుకాణాల్లో దొరికే సరుకు. 1910లో మెక్సికోలో విప్లవం మొదలైన తర్వాత వేలకొద్దీ మెక్సికను కూలీలు సరిహద్దు దాటి టెక్సాసు పొలాలకు వచ్చారు. వారిలో కొందరికి గంజాయి పొగతాగే అలవాటుండేది. వారు దాన్ని పిలిచే పేరే మారిజువానా. తర్వాత 1929లో ఆర్థిక సంక్షోభం వచ్చి పనులు కరువైనాయి. పనులు కరువైనప్పుడు పరాయి కూలీ మీద ద్వేషం పెరగడం ఏ దేశంలోనైనా జరిగేదే. ఆ ద్వేషానికి ఈ ఆకు ఒక గుర్తుగా పనికివచ్చింది.

1930లో కొత్తగా ఏర్పడిన కేంద్ర మాదకద్రవ్యాల శాఖకు అధిపతి ఐన హారీ అన్స్‌లింగరు ఆ పదవిలో 1962 వరకు కొనసాగాడు. దేశానికి తెలిసిన మందు పేరును పక్కకు నెట్టి, తెలియని మెక్సికను పేరుతోనే అతను ప్రచారం సాగించాడు. 1937లో మారిజువానా పన్ను చట్టం వచ్చింది. పేరుకు అది పన్ను మాత్రమే. రిజిస్టరు చేసుకోనివారి చేతికి సరుకు మారితే ఔన్సుకు 100 డాలర్లు కట్టాలి. అంటే పన్ను రూపంలో వచ్చిన నిషేధమన్నమాట. అమెరికను వైద్య సంఘం తరఫున డాక్టరు విలియం వుడ్‌వర్డు శాసనసభా సంఘం ఎదుట హాజరై ఈ బిల్లును వ్యతిరేకించాడు. ఆయన మాట చెల్లలేదు. తర్వాత న్యూయార్కు మేయరు లాగార్డియా నియమించిన వైద్యుల సంఘం అయిదేళ్ళు పరిశీలించి 1944లో రిపోర్టు ఇచ్చింది. గంజాయివల్ల నేరాలు పెరుగుతున్నాయనే ప్రచారానికి ఆధారం లేదని ఆ రిపోర్టు తేల్చింది. దాన్నీ ఎవరూ లెక్క చేయలేదు. 1956 నాటి చట్టం మొదటిసారి గంజాయితో పట్టుబడినవాడికి కూడా కనీసం రెండేళ్ళు, గరిష్ఠం పదేళ్ళు శిక్ష నిర్ణయించింది.

ఇక్కడ మన దేశపు సంగతి ఒకటి పోల్చి చూడవలసి ఉన్నది. 1893లో బ్రిటిషు ప్రభుత్వం ఇండియాలో గంజాయి, భంగు, చరసు వాడకాన్ని విచారించడానికి ఒక కమీషను వేసింది. ఆ కమీషను 1,193 మంది సాక్షులను విచారించి 1894లో ఏడు సంపుటాల రిపోర్టు సమర్పించింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ, పన్ను వేసి అదుపులో ఉంచితే చాలుననీ దాని సారాంశం. ఈ రిపోర్టును చూపించి బ్రిటిషువారి శాస్త్రీయ దృష్టిని మెచ్చుకునేవారు ఈనాటికీ ఉన్నారు. పరిశీలన శ్రద్ధగానే జరిగిందని నేనూ ఒప్పుకుంటాను. కాని బెంగాలులోని నౌగావ్ ప్రాంతంలో లైసెన్సు మీద గంజాయి పండించి, దాని మీద ఆబ్కారీ పన్ను వసూలు చేసుకుంటున్నది ఆ ప్రభుత్వమే. ఒక ప్రభుత్వం అదే ఆకు మీద రాబడి చూసుకున్నది, మరొక ప్రభుత్వం అదే ఆకు పేరు చెప్పి కూలీలను జైల్లో పెట్టింది. ఆకు గుణం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ఏలేవారి అవసరాల్లోనే ఉన్నది.

అమెరికా కథలో మొదటి మలుపు 1960లలో వచ్చింది. అంతకు ముందు గంజాయి తాగేవాడంటే మెక్సికను కూలీ, నల్లజాతి సంగీత విద్వాంసుడు. 1960లలో విశ్వవిద్యాలయాల్లోని తెల్ల మధ్యతరగతి పిల్లలు తాగడం మొదలుపెట్టారు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే విద్యార్థుల్లో అది బాగా వ్యాపించింది. 1956లో కూలీల కోసం రాసిన శిక్షలు ఇప్పుడు డాక్టర్ల కొడుకులకూ, లాయర్ల కూతుళ్ళకూ తగలసాగినాయి. అప్పటిదాకా న్యాయమనిపించిన శిక్ష హఠాత్తుగా కఠినమనిపించసాగింది.

1970లో నిక్సను ప్రభుత్వం చేసిన కొత్త చట్టం గంజాయిని హెరాయినుతోపాటు మొదటి పట్టికలో చేర్చింది. ఐతే ఆ చట్టం కిందనే ఏర్పడిన షేఫరు కమీషను, సొంత వాడకానికి కొంచెం గంజాయి దగ్గర ఉంచుకోవడాన్ని నేరంగా పరిగణించవద్దని 1972 మార్చిలో సలహా ఇచ్చింది. నిక్సను ఆ సలహాను తోసిపుచ్చాడు. రాష్ట్రాలు మాత్రం వినిపించుకున్నాయి. 1973లో ఓరెగాను మొదలుకొని ఆ దశాబ్దంలో దాదాపు పదకొండు రాష్ట్రాలు శిక్షలు సడలించాయి. 1977లో ప్రెసిడెంటు కార్టరు, ఒక ఔన్సు దాకా గంజాయిని నేరాల పట్టీనుంచి తప్పించమని కాంగ్రెసును కోరాడు. ఆ ఏడు గాలప్ లెక్కలో అనుకూలురు నూటికి 28 మంది. ఎనిమిదేళ్ళలో 12 నుంచి 28కి పెరగడానికి వాదోపవాదాలకంటె, చట్టం తగిలిన ఇళ్ళు మారడమే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఆ తర్వాత కాలచక్రం వెనక్కు తిరిగింది. ఇది మన పరిశీలనకు చాలా ముఖ్యమైన ఘట్టం. 1986 సెప్టెంబరులో ప్రెసిడెంటు రీగను, ఆయన భార్య నాన్సీ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుని, మాదకద్రవ్యాల మీద యుద్ధం చేయమని టెలివిజనులో జాతికి పిలుపునిచ్చారు. 1987లో ఒక ప్రకటన వచ్చింది. వేడి పెనంలో గుడ్డు పగలగొట్టి పోసి, మత్తుమందులు వాడే మెదడు ఇట్లా వేగుతుందని చూపించే ప్రకటన అది. ఆనాడు టెలివిజను చూసిన అమెరికనుకు ఆ గుడ్డు ఈనాటికీ గుర్తే. టెలివిజను శక్తికి ఇంతకంటె నిదర్శనం ఏం కావాలని అడుగుతారు. కాని లెక్క చూడండి. 1977లో 28గా ఉన్న అనుకూలుర సంఖ్య 1985 నాటికే 23కు దిగింది. రీగను ఉపన్యాసం ఆ తర్వాతి ఏడు, వేగిన గుడ్డు ఆ తర్వాత రెండేళ్ళకు. 1970ల చివరినుంచే, చిన్నపిల్లలు కూడా గంజాయి తాగుతున్నారని భయపడిన తల్లిదండ్రులు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. సంప్రదాయవాదుల రాజకీయం బలపడింది. గాలి అప్పటికే మారింది. టెలివిజను ఆ గాలికి తెరచాప ఎత్తింది. గాలిని పుట్టించింది మాత్రం అది కాదు.

ఆ చర్చలు ఎటువంటివో కూడా చూడాలి. 1992 మార్చిలో ప్రెసిడెంటు పదవికి పోటీ చేస్తున్న బిల్ క్లింటను న్యూయార్కు టెలివిజనులో ఒక చర్చలో పాల్గొన్నాడు. గంజాయి తాగారా అని అడిగితే, ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో ఒకటి రెండుసార్లు ప్రయత్నించాననీ, ఐతే పొగ లోపలికి పీల్చలేదనీ చెప్పాడు. దేశమంతా నవ్వింది. నవ్వవలసిన మాటే. కాని అడిగిన ప్రశ్నను ఎవరూ పట్టించుకోలేదు. ఒక పెద్దమనిషి యవ్వనంలో తప్పు చేశాడా లేదా అనేదే ప్రశ్న. అదే తప్పు చేసి అప్పుడు జైల్లో ఉన్నవారి సంగతి ప్రశ్న కాలేకపోయింది. రాజకీయ సమస్యను సొంత శీలానికి సంబంధించిన సమస్యగా మార్చివేయడం టెలివిజను చర్చ చేసిన మొదటి పని.

అదే సమయంలో తెరకు దూరంగా మరొకటి జరుగుతున్నది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్సు వ్యాధితో వందలాది యువకులు చనిపోతున్నారు. అన్నం సహించక, వాంతులతో కృశించిపోతున్న ఆ రోగులకు గంజాయి కొంత ఆకలి పుట్టించేది. మేరీ రాత్‌బన్ అనే ఆమె హోటళ్ళలో వడ్డన పని చేసి బతికిన వృద్ధురాలు. ఆమె గంజాయి కలిపిన మిఠాయి చేసి ఆస్పత్రిలో రోగులకు ఉచితంగా పంచేది. పోలీసులు ఆమెను ఒకటికి మూడుసార్లు అరెస్టు చేశారు. డెనిస్ పెరాన్ అనే అతను రోగుల కోసం ఒక గంజాయి క్లబ్బునే నడిపాడు. వీళ్ళూ, వీళ్ళ మిత్రులూ వీధివీధీ తిరిగి సంతకాలు పోగుచేసి 1996 నవంబరులో కాలిఫోర్నియా ప్రజల ముందు 215వ ప్రతిపాదన పెట్టారు. నూటికి 55కు పైగా ఓట్లతో అది నెగ్గింది. వైద్యానికి గంజాయి వాడుకోవచ్చునని అమెరికాలో మొదటిసారి ఒక రాష్ట్రం ఒప్పుకున్నది. చావు ఎదురుగా నిలబడ్డ మనుషులూ, వాళ్ళకు అండగా నిలిచిన ఒక శ్రామిక స్త్రీ సాధించిన విజయం ఇది.

ఆ ఏడే ఒక పెద్ద సంప్రదాయవాది తన పత్రికలో మాదకద్రవ్యాల మీద యుద్ధం ఓడిపోయిందని ప్రకటించాడు. ఆయన విలియం బక్లీ. 1966 నుంచి 1999 దాకా టెలివిజనులో చర్చా కార్యక్రమం నడిపిన వాదనా దురంధరుడు. గంజాయి చట్టాలను సడలించాలని ఆయన పత్రిక 1972లోనే రాసింది. ఐనా 1995లో గాలప్ లెక్క నూటికి 25 దగ్గరే ఉన్నది. ఇరవైమూడేళ్ళపాటు అంతటి వక్త తమ పక్షాన ఉన్నా సంఖ్య 1977 నాటి 28ని దాటలేదు. మంచి వాదం ఉన్నంత మాత్రాన అభిప్రాయం కదలదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక అందరూ చెప్పుకునే ఉదాహరణకు వద్దాం. డాక్టరు సంజయ్ గుప్తా సి.ఎన్.ఎన్. టెలివిజనులో వైద్య విషయాలు చెప్పే శస్త్రవైద్యుడు. 2009లో ఆయన టైమ్ పత్రికలో గంజాయికి వ్యతిరేకంగా రాశాడు. 2013 ఆగస్టులో తన అభిప్రాయం మార్చుకున్నాననీ, ఇన్నాళ్ళూ ప్రజలను తప్పుదారి పట్టించినందుకు క్షమించమనీ కోరుతూ ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేశాడు. అందులో కొలరాడో రాష్ట్రానికి చెందిన ఒక చిన్నపిల్ల కనిపిస్తుంది. వారానికి వందలసార్లు మూర్ఛలు వచ్చే ఆ పిల్లకు, మత్తు దాదాపు లేని గంజాయి నూనె ఇస్తే మూర్ఛలు తగ్గాయి. రాతిగుండెనైనా కదిలించే దృశ్యం. 2013 అక్టోబరులో గాలప్ అడిగితే అనుకూలురు 58 మంది. ఇదుగో, టెలివిజను చేసిన అద్భుతమన్నారు.

కాని 2011లోనే ఆ సంఖ్య 50కి చేరింది. 2012 నవంబరులోనే కొలరాడో, వాషింగ్టను రాష్ట్రాల ప్రజలు గంజాయిని వినోదానికి సైతం చట్టబద్ధం చేస్తూ ఓటు వేశారు. డాక్టరుగారు మనస్సు మార్చుకునేనాటికి దేశంలో సగంమంది మార్చుకునే ఉన్నారు. ఆ సగంమందిని మార్చిందేమిటి? 1960ల విద్యార్థులు తాతలయ్యారు; ఆకు తాగి తామేమీ చెడిపోలేదని వారికి స్వానుభవం. పదిహేనేళ్ళుగా ఒక్కొక్క రాష్ట్రంలో వైద్యానికి అమ్ముతున్నా ఆకాశం ఊడిపడలేదని పొరుగువారు కళ్ళారా చూశారు. 2008లో బ్యాంకులు కూలి రాష్ట్రాల ఖజానాలు ఖాళీ ఐన తర్వాత కొత్త పన్ను దొరుకుతుందన్న ఆశ కూడా తోడైంది. ముసలివాళ్ళు చనిపోయి పడుచువాళ్ళు వచ్చినందువల్ల మాత్రమే కలిగిన మార్పు కాదిది. అన్ని వయస్సులవారిలోనూ, అనుభవం వల్ల, అవసరం వల్ల అభిప్రాయాలు మారాయి.

మరి ఆ డాక్యుమెంటరీ ఏమీ చేయలేదా? చేసింది. 2014లో యూటా, అలబామా వంటి సంప్రదాయ రాష్ట్రాలు సైతం మూర్ఛ రోగులకు ఆ నూనెను అనుమతిస్తూ చట్టాలు చేశాయి. చాలామంది పిల్లలకు మేలు జరిగింది. దాన్ని నేను తక్కువ చేయను. కాని తెర మీదికి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో గమనించాలి. 2001 నుంచి 2010 వరకు అమెరికాలో గంజాయి నేరం మీద జరిగిన అరెస్టులు 82 లక్షలు. అందులో నూటికి 88 కేవలం దగ్గర ఉంచుకున్నందుకు. నల్లవారూ తెల్లవారూ దాదాపు ఒకే మోతాదులో వాడుతుండగా, నల్లవాడు అరెస్టయ్యే అవకాశం తెల్లవాడికంటె 3.73 రెట్లు. అమెరికను పౌరహక్కుల సంఘం ఈ అంకెలను ప్రకటించింది కూడా 2013లోనే. ఒక చిన్నపిల్ల మూర్ఛ కదిలించినట్టు ఈ 82 లక్షల బేడీలు శాసనసభలను కదిలించలేదు. తప్పు చేయని రోగి మీద జాలి తేలిక, అందులో సమాజాన్ని తప్పు పట్టవలసిన అవసరం లేదు. చేయరాని శిక్ష వేశామని ఒప్పుకోవాలంటే వేసినవారిని ప్రశ్నించవలసి వస్తుంది.

అణగారినవారి గొంతు టెలివిజను చర్చల్లో అసలు వినిపించలేదనడం కూడా సరికాదు. ఆలస్యంగా, అరువు గొంతులో వినిపించింది. 2015 సెప్టెంబరులో రిపబ్లికను అభ్యర్థుల చర్చను రెండు కోట్లకు పైగా జనం చూశారు. అందులో రాండ్ పాల్ అనే అభ్యర్థి, గొప్ప ఇళ్ళ పిల్లలు తప్పించుకుంటున్నారనీ, పేదవారి పిల్లలే జైలుకు పోతున్నారనీ అన్నాడు. ఆ మాట తనను ఉద్దేశించినదేనని గ్రహించి జెబ్ బుష్ నలభై ఏళ్ళ కిందట తాను తాగిన మాట నిజమేనని ఒప్పుకుని, మా అమ్మకు ఈ మాట నచ్చదేమో అని నవ్వించాడు. 1992లో క్లింటను నోట అబద్ధంలాంటి నిజం పలికించిన ప్రశ్న 2015కు ఒక హాస్యంగా మారింది. 2019 నవంబరులో అట్లాంటాలో డెమొక్రాటుల చర్చ జరిగింది. గంజాయిని చట్టబద్ధం చేయడానికి ఇంకా ఆధారాలు చాలవని అంతకు కొన్ని రోజుల ముందు జో బైడెన్ అన్నాడు. నల్లజాతి సెనేటరు కోరీ బూకరు ఆయనను నిలదీస్తూ, ఈ దేశంలో పెద్దవాళ్ళకు గంజాయి ఎప్పుడో చట్టబద్ధమైపోయిందని ఎత్తిపొడిచాడు. చూడండి: చట్టం మెక్సికను కూలీ మీద పుట్టిన ఎనభైరెండేళ్ళకు గాని ఆ మాట ఆ వేదిక ఎక్కలేదు. ఎక్కేనాటికి నూటికి 66 మంది అప్పటికే అనుకూలంగా ఉన్నారు. ఓట్లు ఉన్నచోటికే మాట వచ్చింది.

ఓట్లతోపాటు డబ్బు కూడా వచ్చింది. 2010లో కాలిఫోర్నియాలో 19వ ప్రతిపాదన ఓడిపోయినప్పుడే దీని సూచనలు కనిపించాయి. హంబోల్ట్, మెండోసినో, ట్రినిటీ జిల్లాలు తరతరాలుగా చాటుగా గంజాయి పండించే కొండ ప్రాంతాలు. ఆ మూడు జిల్లాల్లోనూ ప్రతిపాదనకు వ్యతిరేకంగానే ఎక్కువ ఓట్లు పడ్డాయి. చట్టబద్ధమైతే పెద్ద కంపెనీలు దిగి ధర పడగొట్టి తమను మింగివేస్తాయనే భయం అక్కడి చిన్న రైతుల్లో బలంగా ఉండేది. ఆ భయం నిజమైంది. జాన్ బేనరు ప్రతినిధుల సభకు స్పీకరుగా ఉన్న రోజుల్లో, 2011లో, గంజాయికి తాను మార్పులేని వ్యతిరేకినని రాశాడు. 2018 ఏప్రిలులో అతనే ఒక గంజాయి కంపెనీ సలహా మండలిలో చేరాడు. అదే ఏడు కెనడా గంజాయిని చట్టబద్ధం చేసింది. ఒక మద్యం కంపెనీ అక్కడి గంజాయి కంపెనీలో 400 కోట్ల డాలర్లు పెట్టడానికి ఒప్పుకున్నది. మార్ల్‌బరో సిగరెట్ల కంపెనీ మరొకదానిలో 180 కోట్ల డాలర్లు పెట్టడానికి సిద్ధపడింది. మరోవైపు, గంజాయి అమ్మి జైలుకు పోయివచ్చినవాడికి లైసెన్సు ఇవ్వరాదని చాలా రాష్ట్రాల తొలి చట్టాలు రాసుకున్నాయి. నిన్న ఏ పనికి జైలు దొరికిందో ఈనాడు అదే పనికి లాభం దొరుకుతున్నది. జైలు అనుభవించినవాడు వేరు, లాభం అనుభవించేవాడు వేరు.

ఇల్లినాయి చట్టం 2020 నుంచి పాత శిక్షల రికార్డులను తుడిపివేయడానికి దారి చేసింది. న్యూయార్కు 2021లో పన్ను రాబడిలో నూటికి 40 వంతు, అరెస్టులకు గురైన పేటల బాగుకు కేటాయించింది. ఇవి పోరాడి సాధించుకున్నవి, విలువైనవి. ఇవి చట్టాల్లోకి ఎక్కింది కొన్ని చోట్లనే.

గంజాయి నిర్దోషి అని నేను వాదించడం లేదు. పోలీసులు పట్టుకున్న సరుకులో మత్తుపదార్థం 1995లో సుమారు నూటికి 4 వంతులుండగా 2014 నాటికి 12 వంతులైంది. పసితనంలో మొదలుపెట్టి రోజూ తాగేవారికి మానసిక వ్యాధుల ప్రమాదం పెరుగుతుందని వైద్యులు హెచ్చరిస్తున్నారు. ఏ మత్తు వ్యాపారంలోనైనా లాభం ఎప్పుడో ఒకసారి వాడేవాడి మీద రాదు, రోజూ వాడేవాడి మీద వస్తుంది. కనుక ఈ సమస్యను జైలుకు అప్పగించినా, కంపెనీకి అప్పగించినా నష్టపోయేది ఒకే వర్గం. ఈ మూడో మాట చెప్పడానికి టెలివిజను చర్చలో కుర్చీ లేదు. అక్కడ రెండే కుర్చీలుంటాయి. ఒకటి నిషేధించమనేవాడికి, మరొకటి అమ్ముకోనిమ్మనేవాడికి.

ఇదంతా అమెరికా గొడవ, మనకెందుకు అనవచ్చు. నా తరగతిలో కూర్చునే విద్యార్థుల్లో రెండు రకాలవారున్నారు. కొందరు పైచదువులకు అమెరికా వెళ్ళాలని చూస్తున్నవారు. రాష్ట్రం చట్టబద్ధం చేసినా అక్కడి కేంద్ర చట్టం విదేశీయుడికి గంజాయిని నేరంగానే చూస్తూ వచ్చింది. వీసా, శాశ్వత నివాసం, పౌరసత్వం ఆ చట్టం చేతిలోనివి. చట్టబద్ధమైన దుకాణంలో పని చేయడం కూడా పౌరసత్వానికి అడ్డు కావచ్చునని 2019లో వలస శాఖ ప్రకటించింది. టెలివిజను చూసి, నూటికి 70 మంది ఒప్పుకున్నారు గదా అని నమ్మిన మన కుర్రవాడికి ఆ స్వేచ్ఛ వర్తించదు.

రెండో రకంవారు మన్యం నుంచి వచ్చినవారు. అమెరికా ముందుండి నడిపించిన 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి అనుగుణంగా మన దేశం 1985లో మాదకద్రవ్యాల చట్టం చేసింది. ఉత్తరాదిన పండుగలకు తాగే భంగును, అంటే ఆకును, ఆ చట్టం మినహాయించింది. పూతను మాత్రం గంజాయిగా నిర్ణయించి నిషేధించింది. 20 కిలోలు దాటిన సరుకుతో పట్టుబడితే కనీసం పదేళ్ళు. బెయిలు దొరకడం కష్టం. చింతపల్లి, పెదబయలు, ముంచింగిపుట్టు కొండల్లో బయటి వ్యాపారి పెట్టుబడి పెడతాడు, గిరిజనుడు పండిస్తాడు, మరొక గిరిజనుడు మూట మోస్తాడు. పట్టుబడేది మోసినవాడు. 2021 చివర పోలీసులు వేల ఎకరాల్లో పంట నరికివేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టారు. ఆ మంట టెలివిజనులో చూశాం. పంట పోయిన మనిషి తర్వాత ఏం తిన్నాడో తెరమీద చూసిన గుర్తు నాకు లేదు.

మన టెలివిజనుకు గంజాయి మీద ఆసక్తి లేక కాదు. 2020లో ఒక సినిమా నటుడు చనిపోయిన తర్వాత నెలల తరబడి జాతీయ ఛానళ్ళు అతని స్నేహితురాలిని గంజాయి పేరుతో ప్రతి రాత్రీ విచారించాయి. ఆమె నెలరోజులు జైల్లో ఉన్నది. అదే ఏడు డిసెంబరు 2న ఐక్యరాజ్యసమితి కమీషనులో, గంజాయిని అత్యంత ప్రమాదకరమైన పదార్థాల పట్టికనుంచి తొలగించే తీర్మానం 27 – 25 ఓట్లతో నెగ్గింది. ఇండియా అనుకూలంగా ఓటు వేసింది. మన ప్రభుత్వం వేసిన ఆ ఓటు సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

అమెరికా చరిత్రనుంచి మనం నేర్చుకోదగినది, వాళ్ళు చట్టబద్ధం చేశారు గనుక మనమూ చేయాలన్నది కాదు, చేయకూడదన్నదీ కాదు. ప్రజాభిప్రాయాన్ని మార్చేది ప్రజల అనుభవం. ఆ అనుభవానికి సంఘటిత రూపమిచ్చేది ఉద్యమం. మేరీ రాత్‌బన్ వంటివారు చేసినది ఆ పని. టెలివిజను ఆ మార్పును ఆలస్యంగా అందుకుని, అందులో తనకు పనికివచ్చే భాగాన్ని ఎంచుకుని, మిగిలినదాన్ని చీకట్లో వదులుతుంది. అందువల్ల గంజాయి మీద చర్చ ఎప్పుడు విన్నా మన విద్యార్థి ముందుగా అడగవలసిన ప్రశ్నలు మూడు: ఈ చట్టం కింద జైల్లో ఉన్నది ఎవరు? దాన్ని మార్చితే లాభపడబోయేది ఎవరు? ఈ చర్చలో కుర్చీ దొరకనిది ఎవరికి? ఈ మూడింటికీ జవాబు వెతికినవాడు మన్యంలో మూట మోసి పట్టుబడిన మనిషి దగ్గరకు రాక తప్పదు. ఆ మనిషి మాట వినకుండా తేల్చిన అభిప్రాయాన్ని, నూటికి ఎందరు ఒప్పుకున్నా, ప్రజాభిప్రాయమని నేననలేను.